నూలు కాని గౌను

నాలుగో గౌను దారం కూడా కరిగింది.

పద్మిని పొయ్యి మంట తగ్గించి, పట్టుకారుతో పట్టుకున్న పోగుని మరోసారి మంటకి తాకించింది. పోగు మండలేదు. ముడుచుకుపోయి చివర నల్లగా గడ్డకట్టింది. వంటగది నిండా ప్లాస్టిక్ కాలిన కంపు. బట్టల కొట్టాయన భార్యగా పదేళ్ళు గడిపిన మనిషి ఆమె. నూలుపోగయితే కాగితంలా మండి బూడిదవుతుంది, వేళ్ళ మధ్య నలిపితే పొడిగా రాలుతుంది. ఇది నలగలేదు. గోటికి రాయిలా తగిలింది.

గట్టు మీద నాలుగు గౌనులున్నాయి. పిల్లలు రాత్రిళ్ళు వేసుకునేవి, లేత రంగులవి, చేతుల్లేనివి. నాలుగింటికీ మెడ లోపలివైపు ఒక చిన్న లేబులు. దాని మీద పచ్చటి ఆకు బొమ్మ, ఆకు కింద ఇంగ్లీషులో ‘ఆర్గానిక్ కాటన్’ అని. పొద్దున కన్నారావు హాడో రేవుకి సరుకు విడిపించుకోవడానికి వెళ్ళినప్పుడు, ఆమె కొట్టు తాళం తీసి అరలోంచి తెచ్చుకుంది.

ఆరు రోజులుగా ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోందే గాని ఎవరూ సరిగ్గా తిన్నది లేదు. ఫెరార్గంజ్ రోడ్డు పక్కన సునామీ బాధితుల రేకుల షెల్టరులో ఉండే రామలక్ష్మి కూతురు, నాలుగేళ్ళ చిన్ని, ఇలాంటి గౌనులోనే ఒళ్ళు కాల్చుకుంది. ఆ సాయంత్రం ఏడింటికి కరెంటు పోయింది. రామలక్ష్మి కిరసనాయిలు దీపం వెలిగించి నేల మీద పెట్టి, బయట ఆరేసిన బట్టలు తియ్యడానికి వెళ్ళింది. పిల్ల దీపం దాటబోయింది. ఇప్పుడు పెద్దాసుపత్రిలో బోర్లా పడుకుని ఉంది.

ఆ గౌను రామలక్ష్మి చేతిలో పెట్టింది పద్మినే.

చాతం మిల్లు సైరన్ మోగిన కాసేపటికి కన్నారావు భోజనానికి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ ముక్కు ఎగబీల్చాడు.

“ఏంటీ వాసన?”

పద్మిని నాలుగు గౌనులూ తెచ్చి అతని ముందు చాప మీద పరిచింది. పక్కన ఒక సాసరు పెట్టింది. అందులో నాలుగు నల్లటి గడ్డలు.

కన్నారావు వాటివైపు చూశాడు, కొట్టు తాళాలు ఉండాల్సిన మేకు వైపు చూశాడు. తర్వాత కూర్చుని అన్నం పెట్టమన్నాడు. ఆమె పెట్టలేదు.

అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు. చెన్నై పార్టీ ఏం పంపితే తాను అదే అమ్ముతున్నానన్నాడు. మూట విప్పి ప్రతి దారం కాల్చి చూసే కొట్టువాడు ఈ దీవుల్లోనే లేడన్నాడు. సునామీ తర్వాత ఏడాదిన్నర పాటు రిలీఫ్ బట్టలు ఓడల్లో గుట్టలుగా దిగుతుంటే, ఊరంతా ఉచితంగా కట్టుకుంటుంటే, తన కొట్టు మెట్టు ఎవడెక్కాడో చెప్పమన్నాడు. అతను చెప్పినదాంట్లో అబద్ధం పెద్దగా లేదు. ఆ రోజులు పద్మినికీ గుర్తున్నాయి.

“లేబుళ్ళూ చెన్నై వాళ్ళే కుట్టి పంపారా?” అని అడిగింది.

కన్నారావు ఖాళీ పళ్ళెం ముందుకి లాక్కున్నాడు.

జవాబు వెనక గది గుమ్మంలోంచి వచ్చింది. “నేబుళ్ళు నాను కుట్టినవి గదేటి,” అంది నూకరత్నం.

ఆమె కన్నారావు తల్లి. ఎప్పుడో యాభై ఏళ్ళ కిందట భావనపాడు నుంచి ఓడెక్కి వచ్చిన మనిషి. మొన్నటి వానాకాలమంతా మధ్యాహ్నాలు మిషను ముందు కూర్చుని కొడుకు తెచ్చిన రిబ్బను చుట్టలోంచి ఒక్కో లేబులూ కత్తిరించి కుట్టింది. ఇంగ్లీషు సరే, తెలుగు అక్షరం కూడా ఆమెకి రాదు. పిల్లల సైజు గుర్తులు కాబోలనుకుంది. ఆకు బొమ్మ ముచ్చటగా ఉందని ఒకటి మనవరాలి స్కూలు సంచీకి కూడా కుట్టిపెట్టింది.

“ఆటి మీద ఏటి రాసుందిరా?” అని కొడుకునడిగింది.

“నువ్వు లోపలికెళ్ళమ్మా.”

“ఏటి రాసుందే?” అని ఈసారి కోడల్ని అడిగింది.

పద్మిని చెప్పింది. మందులూ ఎరువులూ వెయ్యకుండా పండించిన పత్తి, విషపు రంగుల్లో ముంచని నూలు, పసిపిల్లల ఒంటికి మంచిది, అని ఆ రెండు ముక్కలకి అర్థం. నూకరత్నం గుమ్మం పట్టుకుని అక్కడే కిందకి కూర్చుంది.

ఆ రెండు ముక్కలు షెల్టర్లలోకి ఎలా వచ్చాయో పద్మినికి బాగా తెలుసు. ఎండకి రేకులు కాగి, సాయంత్రమైనా లోపల సెగ తగ్గేది కాదు. రిలీఫులో వచ్చిన జారుడు బట్టలు వేసుకుని పిల్లలంతా ఒళ్ళు గోక్కుని పుళ్ళు చేసుకునేవాళ్ళు. నాలుగు నెలల కిందట వైద్య శిబిరానికి వచ్చిన ఒక డాక్టరమ్మ తల్లులందర్నీ కూర్చోబెట్టి, పడుకునేటప్పుడైనా పిల్లలకి అచ్చమైన నూలు వెయ్యండి, దొరికితే ఆర్గానిక్‌ది వెయ్యండి అని చెప్పి వెళ్ళింది. ఆ మర్నాటి నుంచి తల్లులు బాంబూఫ్లాట్ ఫెర్రీ దిగి చాతం మీదుగా హాడో బజారుకి వచ్చి, నోరు తిరగని ఆ మాటని పలికి అడగడం మొదలుపెట్టారు. రెండు వారాల్లో కన్నారావు కొట్టులో ఆకు బొమ్మ గౌనులు వేలాడాయి.

రామలక్ష్మి వచ్చినరోజు గల్లా దగ్గర పద్మినే ఉంది. రామలక్ష్మి గౌనుని రెండు వేళ్ళతో నలిపి చూసింది. జారుతోంది దీదీ, నిజంగా నూలేనా అంది. మా అమ్మ పాత నూలు చీర ఒకటి సునామీలో నాతో బయటపడింది, అది చింపి కుట్టుకుందామనుకుంటున్నానంది. పద్మిని నవ్వింది. ఆర్గానిక్ నూలు ఇలాగే మెత్తగా జారుతుంది, మీ అమ్మ గుర్తుని చింపుతావా అంది. కన్నారావు తనకి చెప్పిన మాటే తాను అప్పజెప్పింది. రామలక్ష్మి నమ్మింది. లేత గులాబీ రంగుది తీసుకుంది.

“నూలైతే మాత్రం అంటుకోదా?” అన్నాడు కన్నారావు ఇప్పుడు. గొంతు పెంచలేదు. “చెప్పు. దీపం నేల మీద పెట్టింది ఎవరు? పిల్లనొదిలి బయటికెళ్ళింది ఎవరు? రామలక్ష్మి మొగుడు మల్లేశే అంటున్నాడు, తప్పు నా పెళ్ళాందేనని. మధ్యలో నీకేంటి?”

“నూలూ అంటుకుంటుంది. ఆసుపత్రిలో సిస్టరూ అదే చెప్పింది. కాని లాగితే ఊడొచ్చేది. ఇది కరిగి ఒంటికి అతుక్కుపోయింది. డాక్టర్లు మూడు రోజులు ఏరారు.”

“నాకు తెలిసి చేశానా?”

పద్మిని లేచి వెళ్ళి ఇంకొక గౌను తెచ్చింది. తెల్లటిది, ఉతికి ఉతికి నలిగినది. తమ కూతురు ధరణిది. ఆరేళ్ళ ధరణికి అలాంటివి మూడున్నాయి. కిందటి చెన్నై ప్రయాణంలో కన్నారావు స్వయంగా తెచ్చాడు. దేనికీ లేబులు లేదు. పద్మిని అంచులోంచి ఒక పోగు లాగి, అతని కళ్ళ ముందే అగ్గిపుల్ల గీసింది. పోగు చటుక్కున మండి బూడిదగా అతని పళ్ళెంలో రాలింది.

 బయట రోడ్డు మీద టౌను బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది.

“మన పిల్లకి తెచ్చేటప్పుడు దేన్ని చూసి తెచ్చారు?” అంది పద్మిని.

కన్నారావు పళ్ళెం పక్కకి జరిపాడు. మొహంలో కోపం లేదు. అలసట ఉంది, భయం ఉంది. తప్పుకుని తిరుగుతున్న మనిషి పట్టుబడితే ఉండే ఒకరకమైన నెమ్మది ఉంది. నూకరత్నమే మళ్ళీ నోరు తెరిచింది.

“రామలచ్చిమి తల్లీ నానూ ఒకే ఓడలో ఒచ్చాం. ఆ తల్లిని సముద్రం తీసుకుపోయింది. దాని మనవరాలికి నా సేత కుట్టించావేట్రా?”

 కన్నారావు భార్య వైపు తిరిగాడు. చెప్పిన సంగతి ఇది: గౌను మెడ దగ్గరి ముక్క ఒకటి కాలకుండా మిగిలింది, లేబులుతో సహా. ఆసుపత్రి వాళ్ళు కవర్లో పెట్టి రామలక్ష్మికి ఇచ్చారు. మల్లేశు చెప్పాడు. కాలిన కేసు గనక ఆసుపత్రి పోలీసు చౌకీలో ఉన్న హెడ్ కానిస్టేబులు ఈ సాయంత్రం రామలక్ష్మి చెప్పేది బయాన్‌గా రాసుకుంటాడు. రేపు పిల్లని చెన్నై పంపిస్తున్నారు, తల్లీ వెళ్ళిపోతుంది. ఆ ముక్క గనక ఈ రోజు తన చేతికొస్తే ఇది ఇక్కడితో ఆగిపోతుంది. మిగతా సరుకు తానే తగలేస్తాడు. ఇక జన్మలో ఆ పని చెయ్యడు.

“నేనడిగితే అనుమానం. నువ్వడిగితే ఇస్తుంది,” అన్నాడు. “ధరణి మొహం చూసి చెయ్యి పద్మినీ.”

పద్మిని వెళ్తానని గాని వెళ్ళనని గాని అనలేదు. నాలుగు గౌనులూ మడిచి, పాత గుడ్డసంచీలో పెట్టుకుంది. నూకరత్నం గుమ్మంలోంచి కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చింది. కోడలు దాటుతుంటే మొహం ఎత్తి చూడలేదు.

*

ఆసుపత్రిలో నాలుగింటికి గేటు తెరిచారు. కాలినవాళ్ళ గదిలోకి ఎవర్నీ పోనివ్వరు. తలుపుకి అద్దం ఉంది. అద్దంలోంచి చూస్తే ఇనప చట్రం మీద కప్పిన తెల్లదుప్పటి, దుప్పటి చివర చిన్నపాదం ఒకటి. పాదానికి ఏమీ కాలేదు. మట్టి కూడా వదల్లేదు.

రామలక్ష్మి వరండాలో గోడకానుకుని కూర్చుంది. రెండు అరచేతులకీ కట్లు. మండుతున్న గౌనుని వట్టి చేతులతో పట్టుకుని పీకింది గదా, సగం పిల్లకి అంటుకుంటే సగం ఆమె చేతులకి అంటుకుంది. పద్మినిని చూసి లేవబోయింది.

“కూర్చో,” అని పద్మిని పక్కన కూర్చుంది.

రామలక్ష్మి తనంతట తానే చెప్పుకొచ్చింది. పిల్ల పొద్దున నీళ్ళడిగిందట. అమ్మా అని మాత్రం పిలవలేదట. మల్లేశు రోజూ పొద్దునే షెల్టరు నుంచి ఫెర్రీలో వస్తాడు, అద్దంలోంచి చూస్తాడు, డాక్టరు చెప్పింది విని, అవతలి చివర బెంచీ మీద కాసేపు కూర్చుని పనికి పోతాడు. ఆరు రోజులయింది, ఆమెతో మాటలేదు. మొదటిరోజు మాత్రం ఒక్క మాటన్నాడు. సముద్రం ఒదిలిపెట్టిన పిల్లని నువ్వు కాల్చేశావన్నాడు.

“నిజవే గదా దీదీ,” అంది రామలక్ష్మి. “కెరటం ఒచ్చిన్నాడు అది నా కడుపులో ఉంది. కొబ్బరి సెట్టు పట్టుకుని దాన్ని కాపాడుకున్నాను. కాపాడి కాపాడి ఇప్పుడు దీపం కాడ ఒదిలేసినాను. ఆయనేటి, నన్ను నానే సెమించలేను.”

 పద్మిని దారి పొడవునా బస్సులో కూర్చుని ఎలా మొదలుపెట్టాలో కూర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియలేదు.

అంతలో రామలక్ష్మే మోచేత్తో పక్కనున్న సంచీని ఆమె వైపు నెట్టింది. అందులో ప్లాస్టిక్ కవరు ఉంది. “దీన్ని నువ్వు తీసుకుపో దీదీ. సేతుల్తో పారెయ్యలేను, కళ్ళతో సూళ్ళేను. నువ్వు మంచిదని సెప్పి ఇచ్చిన గౌను. నువ్వే ఎక్కడో పాతిపెట్టెయ్.”

అడగకుండానే వచ్చింది. పద్మిని కవరు చేతిలోకి తీసుకుంది. గులాబీరంగు ముక్క, అరచేయంత. అంచులు నల్లగా బిరుసెక్కి ఉన్నాయి. మధ్యలో పచ్చటి ఆకు చెక్కుచెదరలేదు. అత్తగారి కుట్టు, దగ్గర దగ్గరగా, ఎక్కడా వంకర లేకుండా. లేచి వెళ్ళిపోతే సరిపోతుంది. వరండా దాటితే మెట్లు, మెట్లు దిగితే గేటు, గేటు బయటే బస్సు. రామలక్ష్మి రేపటికి ఈ ఊళ్ళో ఉండదు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు.

ఆమె లేచి నిలబడింది కూడా. నిలబడి అద్దంలోంచి లోపలికి చూసింది. పాదం కొంచెం కదిలింది.

మళ్ళీ కూర్చుంది.

“రామలక్ష్మీ, ఇది నూలు కాదు,” అంది.

మెల్లగా మొత్తం చెప్పింది. పోగులు కాల్చి చూసిన సంగతి, లేబుళ్ళు ఇంట్లోనే కుట్టిన సంగతి, ఆ ముక్క కోసం తనని పంపిన సంగతి. భర్త పేరు దాచలేదు, అత్త పేరు దాచలేదు. ఆరోజు నీ చెయ్యి నిజం చెప్పింది, నా నోరు అబద్ధం చెప్పింది, మీ అమ్మ చీర చింపి కుట్టి ఉంటే పిల్లకి ఇంత అయ్యేది కాదేమోనని చెప్పింది. నూలుకీ నిప్పు అంటుకుంటుంది, కాని ఒంటికి అతుక్కోదని సిస్టరు చెప్పిన మాటని కూడా ఉన్నదున్నట్టు చెప్పింది. తన తప్పుని పెంచనూ లేదు, తుంచనూ లేదు.

రామలక్ష్మి ఏడుస్తుందనుకుంది. తిడుతుందనుకుంది. ఆమె కట్లు కట్టిన తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంది. అవతలి చివర ఎవరో ముసలాయన దగ్గుతున్నాడు.

“మీ ధరణికీ ఇవే తొడుగుతున్నావా?” అంది చివరికి.

పద్మిని ఈ ఒక్కటీ చెప్పలేదు. చెప్పాలని తోచలేదో, చెప్పకూడదని ఆపుకుందో ఆమెకే తెలియదు.

“లేదు,” అంది. “దానికి నూలువి.”

“ఆయన తెచ్చినవేనా?”

“ఆయన తెచ్చినవే.”

రామలక్ష్మి తల ఊపింది. ఎంతోసేపటి నుంచి అర్థంకానిదేదో అర్థమైనట్టు ఊపింది. కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి. కాసేపటికి నెమ్మదిగా అంది:

“నాకు సెప్పావు. బాగుంది. ఆయనకి సెప్పు.”

గడ్డంతో వరండా చివరివైపు చూపించింది. మల్లేశు మెట్లెక్కి వస్తున్నాడు. రేవులో కూలికి పోయే మనిషి, చొక్కా నిండా సిమెంటు దుమ్ము. అతని పక్కన కన్నారావు. ఒక చేతిలో టిఫిన్ క్యారియరు, రెండో చెయ్యి మల్లేశు భుజం మీద. ఆరు రోజులుగా అతను ఇలాగే వస్తున్నాడు, అన్నం తెస్తున్నాడు, డాక్టర్లతో హిందీలో మాట్లాడిపెడుతున్నాడు. మల్లేశు అతన్ని భయ్యా అనే పిలుస్తాడు.

కన్నారావు ముందు చూసింది భార్య మొహాన్ని కాదు, ఆమె చేతిలోని కవరుని. అతని మొహం తేలికపడింది. కళ్ళతోనే గేటు వైపు సైగ చేశాడు.

పద్మిని కదల్లేదు. “మల్లేశూ, ఇలా రా,” అంది. “నీతో ఒక మాటుంది.”

“తర్వాత మాట్లాడొచ్చు. ఛలో, ఇంటికి పద,” అన్నాడు కన్నారావు. చెయ్యి మల్లేశు భుజం మీంచి తీసేశాడు.

“ఏటి భాభీ?” అన్నాడు మల్లేశు.

రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది. వినేవాడి పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, కన్నారావు నిలబడి ఉన్నాడు. ఒకసారి మధ్యలో అడ్డుపడబోయాడు. మల్లేశు తల తిప్పకుండానే చెయ్యెత్తి ఆపాడు. మాటలు అయిపోయాక అతను కవరు అడిగి తీసుకున్నాడు, వెలుతురుకి ఎత్తి చూశాడు, తిరిగి పద్మినికే ఇచ్చాడు. కన్నారావు మీదికి వెళ్తాడనుకుంది ఆమె.

వెళ్ళలేదు. అతను నడిచి వెళ్ళి భార్య ఎదురుగా గచ్చు మీద కూలబడ్డాడు. కట్లు కట్టిన ఆ రెండు చేతుల్నీ ముట్టుకోవాలో వద్దో తెలియక, వాటి కింద తన చేతులు చాపి ఊరికే ఉంచాడు.

“అన్నం తిన్నావేటి?” అన్నాడు.

రామలక్ష్మి అప్పుడు ఏడ్చింది. ఆరు రోజుల ఏడుపూ కలిపి, గొంతు పైకి రాకుండా, లోపల పిల్ల వింటుందేమోనని పెదవి కొరుక్కుంటూ ఏడ్చింది.

కన్నారావు క్యారియరు నేల మీద పెట్టాడు. పద్మిని దగ్గరికొచ్చి, ఆమెకి మాత్రమే వినపడేలా అన్నాడు. “చెప్పాల్సింది చెప్పేశావు. వాళ్ళ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. పిల్లతో పాటు చెన్నై వెళ్ళమంటే వెళ్తాను. చౌకీ దాకా మాత్రం వద్దు. నేను జైలుకి పోతే కొట్టు పోతుంది, ఇల్లు పోతుంది. అమ్మ బతకదు.”

అవన్నీ నిజాలే. 

వరండా మలుపులో బూట్ల చప్పుడైంది. హెడ్ కానిస్టేబులు చంకలో రిజిస్టరు పెట్టుకుని వచ్చాడు. రామలక్ష్మి ఏడుపు చూసి రెండడుగుల దూరంలో ఆగాడు. సరే, కాసేపాగి మళ్ళీ వస్తానని హిందీలో గొణిగి వెనక్కి తిరగబోయాడు.

“భాయ్‌సాబ్,” అంది పద్మిని. “బయాన్ నేనిస్తాను.”

అతను ఆమెని ఎగాదిగా చూశాడు. మీరెవరు, పిల్లకి ఏమవుతారని అడిగాడు. గౌను అమ్మిన మనిషినని ఆమె చెప్పింది. గుడ్డసంచీ విప్పి నాలుగు గౌనులూ బెంచీ మీద పెట్టింది, వాటి పైన ఆ కవరు. అతనికేమీ అర్థం కాలేదు, కాని బెంచీ మీద కూర్చుని రిజిస్టరు తెరిచాడు. కలం విదిలించాడు.

“నామ్?”

“పద్మిని.”

రాసుకున్నాడు. తల ఎత్తకుండానే, రోజూ అందర్నీ అడిగినట్టే, మొగుడి పేరు అడిగాడు.

“పతి కా నామ్?”

పద్మిని కన్నారావు వైపు చూసింది. అతను గోడకి ఆనుకుని, పారిపోకుండా, ముందుకీ రాకుండా నిలబడి ఉన్నాడు. పెళ్ళయిన పదేళ్ళలో ఆమె ఆ పేరు మొగుణ్ణి ఎదుట పెట్టుకుని పైకి పలికింది లేదు.

“కన్నారావు,” అంది.

హెడ్ కానిస్టేబులు సరిగ్గా వినపడలేదన్నాడు. మళ్ళీ చెప్పమన్నాడు.